“మితంగా తినండి” అంటే తక్కువ తినమనా?

‘మితం’ అంటే ‘తక్కువ’ అనే అర్థమా, ఎక్కడెక్కడ వాడొచ్చు అని అడిగారు. తక్కువ అని కాదండి. ఆ తేడా మా ఇంట్లో ఒక సాయంత్రం గట్టిగానే తెలిసొచ్చింది.

మా నాన్నగారికి షుగర్. మాత్రలు రాసిస్తూ డాక్టరుగారు “అన్నం మితంగా తినండి” అన్నారు. నాన్నగారు దాన్ని ఎంత తగ్గిస్తే అంత మంచిదని తీసుకున్నారు. వారం తిరక్కుండా మధ్యాహ్నం నాలుగు ముద్దలకి దిగారు, రాత్రికి గ్లాసుడు మజ్జిగతో సరి. మాత్రలు వేసుకోవడం ఒక్కటీ మానలేదు. ఓ సాయంత్రం అరుగు మీద కూర్చున్న మనిషికి చొక్కా అంతా చెమట, చేతులు వణుకు. పిలిస్తే పొంతన లేని జవాబు. మిషన్‌తో చూస్తే 54. 70కి దిగువన ఉంటేనే షుగర్ పడిపోయినట్టు లెక్క. పంచదార నీళ్ళు తాగిస్తే పావుగంటకి తేరుకున్నారు.

మర్నాడు వెళ్తే డాక్టరుగారు, “కొలుచుకుని తినమన్నాను గానీ మానేయమన్నానా?” అన్నారు.

మీ ప్రశ్నకి జవాబు ఆ ‘కొలుచుకుని’లోనే ఉంది. సంస్కృతంలో ‘మా’ అనే ధాతువుకి కొలవడం అని అర్థం. దాన్నుంచి వచ్చిందే మితం, అంటే కొలిచినది. పరిమాణం, ప్రమాణం, చివరికి మనం మింగే మాత్ర కూడా ఆ ధాతువు బిడ్డలే. కొలత లేనిది అమితం. కొలత దాటితే మితిమీరడం, రోడ్ల పక్కన ‘మితిమీరిన వేగం’ అని రాసేది అందుకే. కాబట్టి కడుపు మాడ్చుకోవడం మితాహారం కాదు. మితభాషి అంటే నోరు విప్పని మనిషీ కాదు, అవసరమైనంత మాట్లాడేవాడు. 1907లో సూరత్‌లో కాంగ్రెస్ చీలినప్పటి గోఖలే వర్గాన్ని మన చరిత్ర పుస్తకాలు మితవాదులంటాయి, తిలక్ వర్గాన్ని అతివాదులంటాయి.

వాడుకలో ఒక జాగ్రత్త. ‘టికెట్లు మితంగా ఉన్నాయి’ అనకూడదు, ‘పరిమితంగా’ అనాలి. బయట నుంచి వచ్చిన హద్దు పరిమితం. మనిషి తనంతట తాను పాటించేది మితం. ఖర్చు, తిండి, మాట, నిద్ర, వీటికి మితం చక్కగా నప్పుతుంది. వంటింట్లో అయితే ‘తగినంత’, ‘సరిపడా’ అన్నవే సహజం. ఉప్పు మితంగా వేయమని ఎవరంటారు?

ఇంట్లో పెద్దవాళ్ళకి చెప్పాల్సి వస్తే మాత్రం ‘మితంగా’ అని వదిలేయకండి, ఎంతో చూపించండి. మా అమ్మ ఇప్పుడు నాన్నగారి పూట బియ్యం అమ్మమ్మగారి ఇత్తడి గిద్దతో తలకొట్టి కొలిచి పోస్తుంది. ఆ అన్నం మొత్తం తినేదాకా కంచం ముందు నుంచి లేవనివ్వదు.