నువ్వు తిన్న అన్నం పాపాయి మీద పడదా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది నెల్లూరు. బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా బాబుకు ఐదేళ్లు. నాకిప్పుడు ఐదో నెల. సంగతి చెప్పినప్పటి నుంచి వాడి ప్రశ్నలకు అంతు లేదు. ‘పాపాయి పొట్టలోకి ఎలా వెళ్లింది?’, ‘నువ్వు తిన్న అన్నం దాని మీద పడదా?’, ‘నేను నిద్రపోతే గుండె కూడా నిద్రపోతుందా?’... దేవుడిచ్చాడని చెప్పి ఊరుకోమంటారు మా అత్తయ్య గారు. ఎంతవరకు చెప్పాలి? ఇన్ని ప్రశ్నలు మామూలేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: మామూలేనమ్మా, టెన్షన్ పడకండి. ఈ వయసు పిల్లలు ప్రశ్నలతో ప్రాణం తీస్తారు. అడిగినంత వరకే, నిజమే చెప్పండి. ఇంకా కావాలంటే వాడే అడుగుతాడు.

అన్నం ప్రశ్న నాకు భలే నచ్చింది. అన్నం పొట్టలోకి వెళ్తుందనీ, పాపాయి పొట్టలో ఉందనీ చెప్పింది మనమే. వాడు రెండూ కలిపి చూశాడు, అంతే! కాగితం మీద రెండు సంచులు విడివిడిగా గీయండి. ఒకటి అన్నానిది, దాని కింద ఉన్నది గర్భసంచి. మీరు తిన్నది అరిగి రక్తంలో కలుస్తుంది. అందులోని పోషకాలు గర్భసంచికి అతుక్కుని ఉండే మాయ (ప్లాసెంటా) గుండా బొడ్డుతాడులోకి, అక్కడి నుంచి పాపాయికి చేరతాయి. వాడి బొడ్డు చూపించి ‘నీకూ ఇక్కడే తాడు ఉండేది’ అనండి. ఆ రోజు ఇంటికొచ్చిన వాళ్లందరి బొడ్డూ చూస్తానంటాడు, సిద్ధంగా ఉండండి.

ఎలా వెళ్లిందంటారా? బయటి నుంచి వెళ్లలేదు. అమ్మలోని చిన్న అండం, నాన్న నుంచి వచ్చిన చిన్న కణం కలిసి లోపలే మొదలైంది. ఐదేళ్లకు ఇది చాలు. అత్తయ్య గారి మాట కాదనక్కర్లేదు, దేవుడిచ్చిన పాపాయి ఎక్కడ పెరుగుతోందో చెబితే సరి. ఆసుపత్రిలో కొన్నామని మాత్రం చెప్పకండి. రేపు అది రాత్రంతా ఏడిస్తే తిరిగిచ్చేద్దామంటాడు! తమ్ముడా, చెల్లా అని అడిగితే పుట్టేదాకా తెలియదనండి. 1994 నాటి చట్టం ప్రకారం స్కానింగ్‌లో తెలిసినా మేము చెప్పకూడదు.

ఇక గుండె. నిద్రలో కాస్త నెమ్మదిస్తుంది కానీ ఆగదు. పేపర్‌ను గొట్టంలా చుట్టి, వాళ్ల నాన్న ఛాతీ మీద పెట్టి విననివ్వండి. 1816లో ఫ్రెంచి వైద్యుడు లెనెక్ ఇలా కాగితం చుట్టి వినడంతోనే స్టెతస్కోప్ పుట్టింది. ఆ లబ్‌డబ్ గుండెలోని కవాటాలు మూసుకునే చప్పుడు. తర్వాత వాడి గుండె మీరు వినండి. నాన్న గుండె కంటే వేగంగా కొట్టుకుంటుంది, పిల్లల్లో అది సహజం.

అయితే ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పే ముందు ‘ఎందుకడిగావు నాన్నా?’ అని అడగండి. ఈమధ్య ఇంట్లో ఎవరైనా పోతే, పిల్లాడి ముందు ‘నిద్రపోయారు’ అన్నారేమో గుర్తుచేసుకోండి. అలా విన్న పిల్లలకు నిద్రంటేనే భయం పట్టుకోవచ్చు. చనిపోవడం వేరు, నిద్ర వేరు అని విడమరచి చెప్పండి. అయినా పడుకోనని మొండికేస్తున్నా, రాత్రుళ్లు ఉలిక్కిపడి లేస్తున్నా, ఆడుకుంటూ ఛాతీ నొప్పి అన్నా పిల్లల డాక్టర్‌కు చూపించండి.