పొరుగు గూళ్ల లెక్క

చిరంజీవి సౌమ్యకు, ఆశీస్సులు.

జంట కట్టిన పక్షులు బయటి పక్షులతో కలవడం గురించి నువ్వు రాసిన వ్యాసం శ్రద్ధగా చదివాను. భాష బాగుంది. అయితే ఆడపక్షి మేలైన మగపక్షిని ఎంచుకుంటుందని మొదటి పేరాలోనే తేల్చేశావు. ఆ మాట తప్పని అనను గాని, ఎంపిక గురించి మాట్లాడే ముందు ఆ పక్షికి అందుబాటులో ఎవరెవరున్నారో పాఠకుడికి తెలియాలి. నీ వ్యాసంలో గూళ్ల మధ్య దూరం ప్రస్తావనే లేదు.

జర్మనీలో బవేరియాలోని వెస్టర్‌హోల్జ్ అడవినే తీసుకో. సుమారు 40 హెక్టార్ల ఆ ఓక్ వనంలో పరిశోధకులు 277 గూటిపెట్టెలు అమర్చి, బ్లూ టిట్ అనే నీలి నెత్తి చిన్న పక్షిని ఏటా గమనిస్తూ వచ్చారు. ఆ పక్షి బరువు పదకొండు గ్రాములకు అటూఇటూ. ఈ జాతిలో దాదాపు సగం గూళ్లలో కనీసం ఒక్క పిల్లయినా ఆ గూటి మగపక్షిది కాదు. మొత్తం పిల్లల్లో అలాంటివి పది, పదిహేను శాతం. అసలు తండ్రిని డీఎన్‌ఏతో వెతికితే ఎక్కువగా దొరికేది పక్క హద్దులోని (అంటే పక్క జంట తనదిగా కాపాడుకునే చోటులోని) మగపక్షే, దూరం పెరిగేకొద్దీ ఆ అవకాశం వేగంగా తగ్గిపోతుంది. కారణం ఊహించలేనిది కాదు. గుడ్లు ఫలదీకరణం పొందగల రోజులు కొన్నే, ఆ రోజుల్లో ఆడపక్షికి మేత వెతుక్కోవడమే పెద్ద పని, తన హద్దు విడిచి దూరం వెళ్లిన మగపక్షికేమో వెనుక ఇంకొకటి చొరబడే భయం. చలికాలంలో గుంపులుగా మేసినప్పుడు ఏ పక్షి ఏ పక్షితో తిరిగిందన్నది కూడా వసంతంలోని కలయికలను కొంతవరకు ముందే సూచిస్తుందని ఈ జాతి మీద 2020లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది.

కాబట్టి తండ్రుల్లో ఎక్కువ మంది పొరుగువారేనన్న వాక్యం ఇష్టానికి రుజువు కాదు. ఎదుట ఉన్నది ఇద్దరో ముగ్గురో పొరుగువారైనప్పుడు, ఏ ఇష్టమూ లేకపోయినా లెక్క అలాగే తేలుతుంది. పరిశోధకులు ప్రతి రెండు గూళ్ల మధ్య సగం దూరంలో గీత గీసి హద్దులు అంచనా కట్టేదీ, ఎవరికి ఎవరు పొరుగో ముందు తేల్చుకునేదీ ఇందుకే. అలా గీసిన గూళ్ల పటం అంచుల దగ్గర మరింత జాగ్రత్త అవసరం: అక్కడి మగపక్షికి కొందరు పొరుగువారు పటం బయట ఉంటారు గనుక, అది బయట కన్న పిల్లలు లెక్కలోకి రాక, ఓడిపోయిన పక్షిలా కనబడుతుంది. పైగా పెట్టెల మధ్య దూరాన్ని నిర్ణయించింది నిచ్చెన మోసుకెళ్లిన మనిషి. ఈ ముక్క చాలామంది రాయరు, నువ్వు రాయి.

గూళ్లు కిక్కిరిస్తే బయటి కలయికలూ పెరుగుతాయని నువ్వు రాసిన వాక్యం మాత్రం కొట్టెయ్యి. వేర్వేరు జాతులను పోల్చి చూసిన 1997 నాటి సమీక్షలో అలాంటి సార్వత్రిక సూత్రం నిలవలేదు. ఉత్తర అమెరికాలోని ట్రీ స్వాలో అనే చిన్న పక్షుల గూళ్లు దగ్గరదగ్గరగా ఉన్నా, తండ్రి దూరం నుంచి వచ్చిన సందర్భాలు కనబడ్డాయి. ఆస్ట్రేలియాలో కాన్‌బెరాలోని జాతీయ వృక్ష ఉద్యానంలో చూసిన సూపర్బ్ ఫెయిరీ రెన్ అనే చిన్న పక్షి సంగతి మరీ విచిత్రం: తెల్లవారకముందే ఆడపక్షి తన హద్దు దాటి, తాను కోరిన మగపక్షి చోటుకు నేరుగా వెళ్లి తిరిగి వస్తుంది. అక్కడి పిల్లల్లో సుమారు నాలుగింట మూడు వంతుల వాటికి తండ్రులు, ఆ గూటి దగ్గర కలిసి బతికే గుంపుకు బయటివారే. ఎంపిక అన్న మాట రాయాలనుకుంటే ఇక్కడ రాయి, దానికి బలం ఉంటుంది.

మన పాఠకుడికి బ్లూ టిట్ తెలియదని బెంగపడకు. డీఎన్‌ఏను పోల్చి తల్లిదండ్రులను తేల్చే ‘డీఎన్‌ఏ వేలిముద్రల’ పద్ధతితో మొదట పరీక్షించిన పక్షుల్లో మన ఇళ్ల చూరుల్లో తిరిగే ఊరపిచ్చుక ఒకటి. ఆ ఫలితాలు 1987లో వెలువడ్డాయి. అక్కడి నుంచి మొదలుపెట్టి వెస్టర్‌హోల్జ్ చేరుకో. తిరగరాసిన ప్రతితో పాటు నువ్వు గీసిన గూళ్ల పటం కూడా పంపించు, ముందు అదే చూస్తాను.