వడ్ల పొల్లు పడిన కంట్లో తెల్లమచ్చ: ఆ చుక్కలు ఈ రోజే ఆపించండి

ప్రశ్న: నిజామాబాద్ జిల్లాలోని ఒక పీహెచ్‌సీలో ఈ మధ్యే మెడికల్ ఆఫీసర్‌గా చేరాను. మా దగ్గర వరికోతలు నడుస్తున్నాయి. నిన్న 45 ఏళ్ల రైతు ఒకరు వచ్చారు. కళ్లంలో వడ్ల పొల్లు కంట్లో పడి అయిదు రోజులైందట. మెడికల్ షాపులో ఇచ్చిన చుక్కలు వేసుకుంటే రెండు రోజులు తగ్గి, మళ్లీ ఎర్రబడిందన్నారు. నల్లగుడ్డు మీద చిన్న తెల్లమచ్చ కనిపించింది. సీసా మీద మోక్సిఫ్లోక్సాసిన్, డెక్సామెథసోన్ అని ఉంది. యాంటీబయాటిక్ ఉంది కదా అని అవే వాడమని పంపేశాను. ఇంటికొచ్చాక టెన్షన్ పట్టుకుంది. నేను చేసింది సరైనదేనా?

జవాబు: ముందు ఆ రైతు ఊరి ఆశా కార్యకర్తకు ఫోన్ చేయండి. చుక్కలు ఆపించి, ఆయన్ని ఈ రోజే కంటి ఆస్పత్రికి బయల్దేరదీయమనండి. మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

మీరు రాసిన గుర్తులు కళ్లకలకవి కావు. ఇది నల్లగుడ్డు మీద పుండు, అంటే కార్నియల్ అల్సర్. కళ్లకలకలో సాధారణంగా రెండు కళ్లూ ఎర్రబడతాయి, పుసులు కడతాయి, చూపు మాత్రం పెద్దగా తగ్గదు. పుండులో ఎరుపు నల్లగుడ్డు చుట్టూ ఉంగరంలా ఉంటుంది. వెలుతురు చూడలేరు, నీరు కారుతూనే ఉంటుంది, చూపు మసకబారుతుంది. పొలంలో తగిలిన దెబ్బ కాబట్టి, కాదని తేలేదాకా ఫంగస్ అనే అనుకోవాలి. మన ప్రాంతంలో ఎక్కువగా కనిపించే ఫంగస్‌లు ఫ్యుజేరియం, ఆస్పర్‌జిల్లస్. రెండూ మట్టిలో, ఎండుగడ్డిలో ఉండేవే. నల్లగుడ్డు పైపొర చెక్కుచెదరకుండా ఉన్నంతసేపు అవి లోపలికి పోలేవు. పొల్లు గీరిన చోట వాటికి దారి దొరుకుతుంది.

మరి రెండు రోజులు ఎందుకు తగ్గింది? అది డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ పని. స్టెరాయిడ్ వాపునీ ఎరుపునీ అణచివేస్తుంది కాబట్టి రోగికి హాయిగా ఉంటుంది. ఫంగస్ మాత్రం చావదు. అడ్డుకునే రక్షణ తగ్గిపోవడంతో ఇంకా లోతుకు దిగుతుంది. మోక్సిఫ్లోక్సాసిన్ బ్యాక్టీరియా మందు, ఫంగస్‌ను ఏమీ చేయలేదు. నేను పీజీ చదివే రోజుల్లో ఒక కూలీ తల్లి మూడో వారంలో వచ్చింది. ఆమె సంచిలో మూడు సీసాలున్నాయి, రెండింటిలో స్టెరాయిడ్ ఉంది. నల్లగుడ్డంతా తెల్లబడిపోయింది. కార్నియా మార్చి కనుగుడ్డును నిలిపాం కానీ చూపు రాలేదు. అప్పటినుంచి కన్ను ఎర్రబడిందని ఎవరొచ్చినా ముందు సీసా అడిగి, మందు పేరు నేనే చదువుతాను. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసలోన్, ఈ మూడు స్టెరాయిడ్ల పేర్లూ మీకు కంఠతా రావాలి.

పీహెచ్‌సీలో చేయగలిగింది తక్కువేం కాదు. ముందు ఒక్కో కంటికీ విడిగా చూపు పరీక్షించి రాయండి. తర్వాత ఫ్లోరెసిన్ స్ట్రిప్‌ను (రంగు అద్దిన కాగితపు ముక్కను) సెలైన్‌తో తడిపి కింది రెప్ప లోపల తాకించి, కన్ను చూసే పరికరం ఆఫ్తాల్మోస్కోప్‌లోని నీలి వెలుతురులో చూడండి. పైపొర ఊడిన చోటు ఆకుపచ్చగా మెరుస్తుంది. గీరుడు మాత్రమే ఉండి కింద తెలుపు లేకపోతే అది అబ్రేషన్. తెలుపు ఉంటే పుండు. అంచులు పక్షి ఈకల్లా చీలి, మచ్చ పొడిగా కాస్త ఉబ్బెత్తుగా ఉండి, పక్కన చిన్న చుక్కల మచ్చలుంటే ఫంగస్ అనుమానం బలపడుతుంది. కంట్లో అడుగున చీము చేరిందేమో చూడండి. ముక్కు పక్కన కన్నీటి సంచిని మెల్లగా నొక్కండి. చీము ఎగదన్నితే దానికీ వైద్యం కావాలి. షుగర్ కూడా చూడండి, చాలామంది ఇది మర్చిపోతారు.

చేయకూడనివీ ఉన్నాయి. పుండున్న కంటికి దూది పెట్టి కట్టు కట్టకండి. లోపలి వెచ్చదనం, తేమ క్రిములకు అనువుగా ఉంటాయి. ప్లాస్టిక్ షీల్డు చాలు. నొప్పి తగ్గుతుందని కంటిని మొద్దుబార్చే ప్రొపారకైన్ చుక్కలు ఇంటికి ఇవ్వకండి, అవి పరీక్షకే. వాటిని రోజూ వేస్తే పైపొర మానదు.

కంటి ఆస్పత్రిలో పుండును గీకి, 10 శాతం కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్) ద్రావణం వేసి మైక్రోస్కోప్ కింద చూస్తారు. ఫంగస్ దారాలు కొద్ది నిమిషాల్లోనే కనబడవచ్చు. ఫంగస్‌కు మందు 5 శాతం నాటామైసిన్ చుక్కలు. మొదట్లో మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి వేయాలి. సీసా ప్రతిసారీ బాగా కుదపాలి, మందు అడుగున పేరుకుంటుంది. వొరికొనజోల్ కొత్త మందు కదా, అది మేలేమో అని విద్యార్థులు అడుగుతుంటారు. ఈ రెండు మందులనూ రోగుల్లో పోల్చి చూసిన, మదురైలోని అరవింద్ ఆస్పత్రి పాలుపంచుకున్న అధ్యయనం ఫలితాలు 2013లో వచ్చాయి. వాటిలో నాటామైసినే మెరుగ్గా పనిచేసింది, ముఖ్యంగా ఫ్యుజేరియం మీద. నొప్పికి అట్రోపిన్ గానీ హోమాట్రోపిన్ గానీ వేస్తారు. వైద్యం వారాల తరబడి సాగుతుంది. ఆ సంగతి రైతుకు ముందే చెప్పండి, లేకపోతే కాస్త తగ్గగానే మానేస్తారు. పుండు మానినా మచ్చ మిగలవచ్చు. మన ఊళ్లలో ‘కంట్లో పువ్వు’ అనేది అదే.

ఇక రేపు ఇంకో రైతు పొల్లు పడిన రోజే వస్తే? అక్కడే మీరు కన్ను కాపాడగలరు. నేపాల్‌లోని భక్తపూర్‌లో గ్రామ కార్యకర్తలతో ఒక అధ్యయనం జరిగింది. దాని ఫలితాలు 2001లో వచ్చాయి. నల్లగుడ్డు గీరుకున్నవారికి 1 శాతం క్లోరాంఫెనికాల్ ఆయింట్‌మెంట్ రోజుకు మూడుసార్లు, మూడు రోజులు పెట్టారు. దెబ్బ తగిలిన 18 గంటల లోపు మందు మొదలైనవారిలో ఒక్కరికీ పుండు పడలేదు. అంత చిన్న ట్యూబు! మీరూ అదే పెట్టి, మర్నాడు మళ్లీ చూడండి. తెలుపు కనిపిస్తే ఆగకుండా పంపండి.

మీ ఆశా కార్యకర్తలను ఈ వారమే కూర్చోబెట్టి ఈ సంగతి చెప్పండి. నలుసును నాలుకతో తీయించుకోవడం, ఆకు పసరు, చనుబాలు పోయడం ఇప్పటికీ ఉంది. కోప్పడకుండా, నీళ్లతో కడుక్కుని వెంటనే మీ దగ్గరికి రమ్మని చెప్పించండి.

రైతును పంపే చీటీలో దెబ్బ తగిలిన తేదీ, ఏది గుచ్చుకుంది, ఎన్ని రోజులు ఏ చుక్కలు వేసుకున్నారు, ఈ రోజు చూపు ఎంత ఉంది, అన్నీ రాయండి. సీసాను కూడా ఆయన చేతికివ్వండి. హైదరాబాద్‌లో సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆస్పత్రి ఉంది, అంతకంటే దగ్గరలో కార్నియా వైద్యుడు ఉంటే అక్కడికే పంపండి.

ఇంటికెళ్లాక కూడా ఆ రైతు గురించి ఆలోచించి నాకు రాశారు, అది మంచి పని చేశారు. ఆయన కన్ను ఎలా ఉందో తెలిశాక మళ్లీ రాయండి.