పాత జూనో సింథసైజర్ కొంటే పెట్టుబడి అవుతుందా?

ప్రశ్న: నా వయసు 36. విశాఖలో ప్రైవేటు ఉద్యోగం, నెలకు చేతికి రూ.78 వేలు వస్తుంది. ఇంటి అప్పు ఇంకా రూ.24 లక్షలు ఉంది. ఈఎంఐ రూ.27 వేలతో కలిపి ఇంటి ఖర్చు రూ.60 వేల దాకా అవుతుంది. రూ.8 వేలు సిప్ కడుతున్నాను. ఎఫ్‌డీ రూ.3.2 లక్షలు ఉంది. ఆరోగ్య బీమా కంపెనీ ఇచ్చిందే, టర్మ్ పాలసీ లేదు. సెలవు రోజుల్లో పెళ్లిళ్లకీ ఫంక్షన్లకీ ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాను. ఏడాది మొత్తం చూసుకుంటే సగటున నెలకు రూ.8 వేలు వస్తుంది. అమెరికాలో మా బావమరిది ఉండే ఊళ్లో 1984 నాటి రోలాండ్ జూనో-106 సింథసైజర్ (ధ్వనులను తనే పుట్టించే ఎలక్ట్రానిక్ కీబోర్డు) 2,100 డాలర్లకు అమ్మకానికి ఉంది. పదేళ్ల కిందట ఇదే 900 డాలర్లకు దొరికేదట. ధర పెరుగుతూనే ఉంది కాబట్టి వాయించుకున్నట్టూ ఉంటుంది, పెట్టుబడి పెట్టినట్టూ ఉంటుంది అనుకుంటున్నాను. ఎఫ్‌డీ బ్రేక్ చేయమంటారా? లేకపోతే మా ఆవిడ నగల మీద గోల్డ్ లోన్ తీసుకోమంటారా?
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: రెండూ వద్దు. అలాగని జూనో కొనొద్దని కాదు. ఏ డబ్బుతో కొనాలి, ఏ పద్దు కింద రాసుకోవాలి అన్నదే తేల్చుకోవాలి.

ముందు మీ లెక్కనే చూద్దాం. 900 డాలర్లు పదేళ్లలో 2,100 అయితే ఏడాదికి సుమారు 9 శాతం పెరిగినట్టు. తీసిపారేయాల్సిన అంకె కాదు. రూపాయి బలహీనపడింది కాబట్టి మన లెక్కలో ఇంకాస్త ఎక్కువే కనిపిస్తుంది. కానీ అది అమెరికాలో, పనిచేస్తున్న వాద్యానికి, కొనేవాడు దొరికినప్పుడు పలికే ధర. ఈ పదేళ్లలో దాని యజమాని రిపేర్లకు ఎంత పోశాడో అందులో కనిపించదు. పైగా మీరు కొనేది అక్కడ, అమ్మాల్సి వచ్చేది ఇక్కడ. మన ఆర్కెస్ట్రా వాళ్లు సెకండ్‌హ్యాండ్‌లో వెతికేది రిథమ్‌లూ టోన్లూ నిండా ఉన్న అరేంజర్ కీబోర్డుల కోసం. జూనో కావాలనేవాళ్లు హైదరాబాద్, చెన్నై, ముంబై స్టూడియోల్లో కొద్దిమంది ఉంటారు. వాళ్లు మీకు డబ్బు అవసరమైన నెలలోనే ఫోన్ చేస్తారన్న నమ్మకం లేదు.

ఇంటికి చేరేసరికి అది 2,100 డాలర్ల వస్తువుగా ఉండదు. జూనో దాదాపు మీటరు పొడవు, పది కిలోల బరువు. ఉత్తిదే అయితే విమానాల వాళ్లు చూసే 158 సెంటీమీటర్ల కొలత (పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి) లోపే ఉంటుంది. గట్టి కేసులో పెట్టగానే దాటిపోతుంది, ఓవర్‌సైజ్ చార్జీ పడుతుంది. కేసు లేకుండా పంపితే స్లైడర్లు (ధ్వనిని మార్చడానికి పైకీ కిందికీ జరిపే మీటలు) విరిగి వస్తాయి. పాత సరుకును కొరియర్లో తెప్పించాలంటే దిగుమతి లైసెన్సు చిక్కులున్నాయి. కాబట్టి బావమరిది లగేజీగా తేవడమే సరైన దారి. డ్యూటీ ఫ్రీ పరిమితి దాటిన విలువకు సుంకం కట్టాలి. పరిమితీ రేటూ మారుతుంటాయి కాబట్టి ఆయన బయల్దేరే ముందు కస్టమ్స్ వెబ్‌సైట్‌లో చూసుకోమనండి. పాతదే కదా అని, సుంకం కట్టాల్సిందేమీ లేనివాళ్లు వెళ్లే గ్రీన్ ఛానల్లోంచి నడిచి రావద్దు. బిల్లు చేతిలో పెట్టుకుని డిక్లేర్ చేస్తేనే క్షేమం. ఆ మీద అమెరికా మోడల్ నడిచేది 117 వోల్టుల మీద. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే పవర్ సప్లై కాలిపోవడమే. ఇవన్నీ, మొదటి సర్వీసూ కలిపి రూ.2.5 లక్షలు పక్కన పెట్టుకోవాల్సిందేనని నా అంచనా.

అదే రూ.2.5 లక్షలు 7 శాతం వడ్డీకి పదేళ్లు ఉంటే, పన్ను తీయకముందు రూ.4.9 లక్షలవుతుంది. అంటే పదేళ్ల తర్వాత, అప్పటికి యాభై ఏళ్లు దాటిన యంత్రాన్ని, మధ్యలో రిపేర్లకు పెట్టింది కాక దాదాపు రూ.5 లక్షలకు అమ్మితే గానీ మీరు ఎఫ్‌డీతో సమానం కారు.

ధర పెరుగుతూనే ఉంటుందన్న మాటకు వద్దాం. ఈ వాద్యాల ధరలు ఎప్పుడూ ఫ్యాషన్ వెనకే నడిచాయి. 1983లో యమహా డీఎక్స్-7 డిజిటల్ ధ్వనితో రాగానే, విద్యుత్ సర్క్యూట్లతో ధ్వని పుట్టించే పాత పద్ధతి అనలాగ్ సింథసైజర్లను జనం అయినకాడికి వదిలించుకున్నారు. రోలాండ్ వాళ్లదే టీబీ-303 అని ఒకటుంది. బేస్ గిటార్ వాయించేవాళ్లు లేని లోటు తీర్చడానికని 1981లో వచ్చింది, అమ్ముడుపోక 1984కల్లా ఆగిపోయింది. 80ల రెండో సగంలో షికాగో కుర్రాళ్లు దాన్ని చవగ్గా కొని, నాబ్‌లు అడ్డదిడ్డంగా తిప్పి యాసిడ్ హౌస్ అనే కొత్త సంగీతాన్నే పుట్టించారు. ఇప్పుడు దానికి వేల డాలర్లు పలుకుతోంది. అందరూ చెప్పే కథ ఇదే. కానీ అదే కాలంలో వచ్చి, ఎవరికీ అక్కర్లేకుండా మూలన పడిన వాద్యాలు ఎన్నో ఉన్నాయి.

బంగారానికి లేని ఇంకో ఇబ్బంది కూడా ఉంది. కంపెనీలే పాతవాటిని మళ్లీ తయారు చేయగలవు. కార్గ్ ఎంఎస్-20 కాస్త చిన్న సైజులో 2013లో మళ్లీ వచ్చింది. మినీమూగ్ 2016లోనూ 2022లోనూ, ప్రాఫెట్-5 2020లోనూ తిరిగి వచ్చాయి. అసలువాటికి గిరాకీ పోలేదు గానీ, ఆ ధ్వని కోసం పాతదే కొనాలన్న అవసరం మాత్రం తగ్గింది. జూనో-106 స్ఫూర్తితో బెరింగర్ తెచ్చిన డీప్‌మైండ్-12 అచ్చమైన అనలాగే, 2016 నుంచి ఉంది. రోలాండ్ 2019లో జేయూ-06ఏ అనే చిన్న డిజిటల్ పెట్టెను వదిలింది. కంప్యూటర్లో నడిచే జూనో సాఫ్ట్‌వేర్లయితే కొన్ని వేల రూపాయలకే వస్తాయి.

ఇక రిపేర్ల సంగతి. దీనికి కాస్త ఎక్కువ చోటు ఇస్తాను, ఎందుకంటే మీ డబ్బుకు అసలు చిల్లు పడేది ఇక్కడే. జూనో-106లో ఆరు వాయిస్‌లు, అంటే ఒకేసారి ఆరు స్వరాలు పలకగలదు. ఒక్కో వాయిస్‌కి 80017ఏ అనే చిప్ ఒకటి, దాని మీద రెసిన్ పూత. ఏళ్లు గడిచేకొద్దీ ఆ పూత పాడై చిప్‌ను పాడు చేస్తుంది. అప్పుడేమవుతుందంటే, మీరు వరసగా స్వరాలు వాయిస్తుంటే ఐదు బాగానే పలుకుతాయి, ఆరోది చిటపటమంటుంది, లేదా అసలు పలకదు. మళ్లీ ఐదు బాగుంటాయి. కొందరు ఆ చిప్‌లను ఎసిటోన్‌లో నానబెట్టి పూత వలిచేస్తారు, కొందరు కొత్తగా తయారైన నకలు చిప్‌లు వేస్తారు. రెండూ పనిచేస్తాయి. కానీ ఒకటి పోయిందంటే మిగతావీ అదే వయసువే కదా. దీనికి విశాఖ ఉప్పుగాలి తోడు. స్లైడర్లలో తుప్పూ దుమ్మూ చేరి గరగరమంటాయి. అందుకే కొనే ముందు ఒక పని చేయండి. 80017ఏ మార్చడం వచ్చిన టెక్నీషియన్ మీకు అందుబాటులో ఎవరున్నారో కనుక్కోండి. ఫోన్లో మాట్లాడి రేటు అడగండి. మనిషి దొరక్కపోతే ఈ కొనుగోలు అక్కడితో ఆపేయండి. పాత యెజ్డీ బండి కొనేవాడు ముందు మెకానిక్‌ని చూసుకున్నట్టే ఇదీనూ.

మీ ఆర్కెస్ట్రాకి పనికొస్తుందా అంటే, నా ఉద్దేశంలో రాదు. జూనో మీటలకు వేగం తెలియదు. మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా ఒకే ధ్వని. రిథమ్ లేదు, ఢోలక్ లేదు, నాదస్వరం టోన్ లేదు, కీబోర్డును రెండుగా విడదీసి కుడిచేతికొకటి ఎడమచేతికొకటి టోన్ పెట్టుకునే వీలూ లేదు. పైగా పెళ్లి పందిట్లో జనరేటర్ కరెంటు ఎలా ఎగిరిపడుతుందో మీకు నాకంటే బాగా తెలుసు. దీన్ని అక్కడికి మోసుకెళ్లకండి. కాబట్టి ఆదాయం పెరుగుతుందన్న లెక్క కూడా వేసుకోవద్దు.

మరి ఇన్ని చెప్పాక ఎందుకు కొనాలి? ఒక్కో పనికి ఒక్కో స్లైడర్ చేతి కింద ఉంటుంది, మెనూలు వెతుక్కోనక్కర్లేదు. ధ్వనిని నిండుగా చేసే దాని కోరస్ బటన్ నొక్కగానే స్ట్రింగ్స్ (వయొలిన్ల గుంపు లాంటి ధ్వని) పరుచుకునే తీరు కోసమే జనం దీన్ని వదలరు. పాతకాలపు సింథ్‌లు వేడెక్కితే శ్రుతి జారతాయి. జూనో శ్రుతిని డిజిటల్‌గా నియంత్రిస్తారు కాబట్టి మన ఎండల్లోనూ నిలబడుతుంది. మిడి కూడా ఉంది, కంప్యూటర్‌కు కలపొచ్చు. డబ్బు పరంగానూ ఒక మంచి మాట ఉంది. కొత్త కీబోర్డు షోరూమ్ దాటగానే ధర కోల్పోతుంది, ఇది పోగొట్టుకోవాల్సింది ఎప్పుడో పోగొట్టుకుంది. ఐదేళ్లు వాయించుకుని కొన్న ధరకు అటూ ఇటూగా అమ్మగలిగితే మీకైన ఖర్చు సుంకం, సర్వీసు, వడ్డీ నష్టం. సరదాకి అది పెద్ద ఖరీదేమీ కాదు. మీరే వాడుకునే వాద్యం వ్యక్తిగత వస్తువు కాబట్టి, అమ్మినప్పుడు లాభం వచ్చినా మామూలుగా క్యాపిటల్ గెయిన్స్ పన్ను పడదు. నగలకూ కళాఖండాలకూ ఈ వెసులుబాటు లేదు. అయితే ఇలాంటివి కొని అమ్మడమే పనిగా పెట్టుకుంటే అది వ్యాపార ఆదాయం కిందికి వస్తుంది.

బీమా మీద ఆశ పెట్టుకోకండి. ఇంటి సామానుకు తీసుకునే పాలసీలు దొంగతనానికో అగ్నిప్రమాదానికో పనికొస్తాయి. చిప్ పోతే ఇచ్చేది ఏమీ ఉండదు.

ఇప్పుడు మీ ఇంటి లెక్క. నెలకు రూ.60 వేల ఖర్చున్న ఇంటికి రూ.3.2 లక్షల ఎఫ్‌డీ అంటే ఐదు నెలల తిండి. అందులోంచి రూ.2.5 లక్షలు తీస్తే మిగిలేది నెల రోజులకే. ఉద్యోగం ప్రైవేటు, ఆరోగ్య బీమా కూడా ఆ ఉద్యోగంతోనే ముడిపడి ఉంది. గోల్డ్ లోన్ సంగతి అడగనే వద్దు. వడ్డీ తక్కువే కావచ్చు, కానీ రూపాయి సంపాదించని వస్తువు కోసం మీ ఆవిడ నగలు బ్యాంకులో ఎందుకుండాలి? నిజానికి మీ ఉత్తరంలో నన్ను ఆపింది సింథసైజర్ కాదు, ‘టర్మ్ పాలసీ లేదు’ అన్న ముక్క. రూ.24 లక్షల అప్పు ఇల్లు మీద పెట్టుకుని ఈ మాట అంత తేలిగ్గా రాశారేమిటండీ? రూ.కోటి టర్మ్ పాలసీకి ఈ నెలే దరఖాస్తు చేయండి. పొగ తాగే అలవాటు లేకపోతే ప్రీమియం నెలకు రూ.2 వేలకు అటూ ఇటూగా ఉంటుంది. జీతంలో మీకు మిగిలే రూ.10 వేలలోంచే అది పోతుంది. మరో రెండు వేలు సొంత ఆరోగ్య బీమాకు కేటాయించుకోండి.

ఆర్కెస్ట్రా డబ్బు మాత్రం జూనోకే ఇవ్వండి. నెలకు రూ.8 వేలు 30 నెలల రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే వడ్డీతో కలిపి రూ.2.6 లక్షల దాకా అవుతుంది. ప్రోగ్రాములు లేని ఆషాఢంలో, మూఢాల్లో కంతు ఆగకుండా సీజన్లో వచ్చిందాన్ని కాస్త వెనకేసుకోండి. ఈలోగా జూనో సాఫ్ట్‌వేర్ ఒకటి కొని, ఉన్న కీబోర్డుకే కలిపి వాయించండి. ఏడాది తర్వాత కూడా వారానికి రెండు మూడు రాత్రులు దాని ముందు కూర్చుంటుంటే, అప్పుడు మీకు పాతది కావాలన్న మాట నిజమే. కూర్చోకపోతే ఆ డబ్బుతో ఇంటి అప్పు అసలులో కొంత కట్టేయండి. ఇప్పుడున్నది చేజారిపోతుందని దిగులొద్దు. జూనో-106 అరుదైన వస్తువేం కాదు, మళ్లీ దొరుకుతుంది.

అప్పుడు బావమరిదికి ఈ పరీక్ష చెప్పండి. అమ్మేవాడి ఇంట్లోనే, కీ ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి పట్టుకుని వాద్యాన్ని ఆన్ చేయాలి. అది టెస్ట్ మోడ్‌లోకి వెళ్తుంది. ఒక్కో మీట నొక్కుతుంటే ఏ వాయిస్ పలుకుతోందో 1 నుంచి 6 వరకు అంకె తెర మీద కనిపిస్తుంది. అలా పావుగంట వేడెక్కనిచ్చి, ఆరింటినీ ఒక్కొక్కటిగా వీడియో తీసి పంపమనండి. ఏ ఒక్కటి చిటపటమన్నా, మీ టెక్నీషియన్ చెప్పిన రిపేరు ఖర్చు మొత్తం ధరలోంచి తగ్గించమని అడగాలి. తగ్గించనంటే తిరిగి వచ్చేయమనండి.