మూడు ఇంజెక్షన్లయినా చూపు పెరగలేదు, మానేయాలా?

మీ అమ్మగారికి షుగర్ వల్ల కంట్లో నీరు చేరిందని మూడు ఇంజెక్షన్లు ఇచ్చారు, స్కాన్‌లో నీరు తగ్గింది, చూపు మాత్రం అలాగే ఉంది, ఇక ఆపేద్దామా అని అడిగారు. దయచేసి ఇప్పుడే ఆపకండి. మా నాన్నగారి ఎడమ కంటికి అచ్చం ఇలాగే జరిగింది.

షుగర్ చాలా ఏళ్లు ఉంటే రెటీనాలోని (కంటి వెనక ఉండే, వెలుతురును గ్రహించే పొరలోని) సన్నని రక్తనాళాలు రెండు రకాలుగా దెబ్బతింటాయి. కొన్నింటి గోడలు బలహీనపడి నీరు, కొవ్వు బయటికి కారతాయి. కొన్ని పూర్తిగా మూసుకుపోతాయి. రక్తం అందని చోట వీఈజీఎఫ్ అనే ప్రోటీన్ ఎక్కువగా తయారై, నాళాలు ఇంకా కారేలా చేస్తుంది. ఇంజెక్షన్ అడ్డుకునేది దాన్నే. కారడం తగ్గుతుంది, కానీ మూసుకుపోయిన నాళం మళ్లీ తెరుచుకుంటుందని ఆశ పెట్టుకోలేం.

అందుకే ఓసీటీలో, అంటే రెటీనా మందం కొలిచే ఆ స్కాన్‌లో, మైక్రాన్లలో చెప్పే వాపు తగ్గినంత మాత్రాన చూపు పెరగాలని లేదు. మామూలు ఓసీటీ వాపును చూపిస్తుంది, రక్తం అందుతోందో లేదో చెప్పదు. దానికి కంటి యాంజియోగ్రామ్ కావాలి. చేతి నరానికి డై ఎక్కించి ఫొటోలు తీస్తారు. ఆ రోజు మూత్రం ముదురు పసుపు రంగులో వస్తుంది, కంగారు పడకండి. కిడ్నీ సమస్య, ఎలర్జీ ఉంటే ముందే చెప్పాలి. డై లేకుండా తీసే ఓసీటీ యాంజియోగ్రఫీ కూడా ఉంది. నాన్నగారి ఫొటోలో, చూపుకు కీలకమైన నడిమధ్య చోట సహజంగానే నాళాలు లేని చిన్న నల్లటి వలయం అంచులు చెదిరిపోయి వెడల్పయింది. డాక్టర్ గారు రెండు కళ్ల ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూపించాక, ఎడమ కన్ను ఎందుకు వెనకబడిందో మాకు అర్థమైంది. ఆ కంటికి వైద్యం ఉన్న చూపు పోకుండా కాపాడటానికే. నా దృష్టిలో అదేమీ చిన్న ఫలితం కాదు.

ఇంకో సంగతి, మూడు ఇంజెక్షన్లతో తేల్చేయడం తొందరపాటు. అమెరికాలో ఈ ఇంజెక్షన్లలో వాడే మూడు మందులు అఫ్లిబెర్సెప్ట్, రానిబిజుమాబ్, బెవాసిజుమాబ్‌లను పోల్చిన పరిశోధన 2015లో వచ్చింది. అందులో మొదటి ఏడాది చాలామందికి 9, 10 ఇంజెక్షన్లు అవసరమయ్యాయి. మొదట్లోనే చూపు బాగా తగ్గినవారికి ఆ ఏడాదిలో అఫ్లిబెర్సెప్ట్ మెరుగ్గా పనిచేసింది. చూపు కొంచెమే తగ్గినవారిలో మూడూ దాదాపు సమానం. కాబట్టి మందు మార్చడం, కంటి లోపల పెట్టే స్టెరాయిడ్ ఇంప్లాంట్ లాంటి దారులు ఇంకా ఉన్నాయి. స్టెరాయిడ్‌తో కంటి ప్రెషర్, శుక్లం పెరగొచ్చు, అది అడిగి తెలుసుకోండి.

కంటి డాక్టర్ దగ్గరే ఆగిపోకండి. బీపీ, కిడ్నీ, రక్తహీనత పరీక్షలు చేయించండి. మా నాన్నగారికి బీపీ మందు సరిచేశాక కాళ్ల వాపుతో పాటు కంటి వాపూ తగ్గింది. అమ్మగారు పయోగ్లిటాజోన్ మాత్ర వాడుతుంటే షుగర్ డాక్టర్‌కు కంటి సంగతి చెప్పండి. అది ఒంట్లో నీరు నిలిచేలా చేస్తుంది. సొంతంగా మాత్రం మానేయొద్దు.

ఇంజెక్షన్ తర్వాత కంటి తెల్లగుడ్డు మీద రక్తపు మరక, ఒకట్రెండు రోజులు నల్లటి చుక్కలు తేలడం మామూలే. కానీ నొప్పి, ఎరుపు పెరుగుతూ చూపు మసకబారితే తెల్లారేదాకా ఆగకండి, ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి.