అక్క రాసిన బయోడేటా, మీరు దాచిన లెక్క

ప్రశ్న: నా వయసు 27. రెండున్నరేళ్ళుగా హనుమకొండ కోర్టులో ఒక సీనియర్ దగ్గర జూనియర్ లాయర్‌గా చేస్తున్నాను. ఆయన నెలకు ఐదు వేలు ఇస్తారు, ఒక్కో నెల అదీ ఉండదు. తమ్ముడికి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. బాపు ఆర్టీసీలో కండక్టర్‌గా రిటైరయ్యారు. ప్రాక్టీసు వదిలేసి ఏదైనా కంపెనీలో చేరమని రోజూ గొడవ. పోయినేడాది దాకా పెట్రోలుకు కూడా ఆయన్నే అడిగేవాణ్ణి. అది భరించలేక, సీనియర్ 15 వేలు ఇస్తున్నారని ఇంట్లో చెప్పాను. అమ్మకు నెలకు ఎనిమిది వేలు ఇస్తున్నాను. తక్కువ పడినది లోన్ యాప్‌లలో తెచ్చి సర్దుతున్నాను, 60 వేలు దాటింది. ఈ మధ్య అక్క నా పెళ్ళి బయోడేటాలో ‘యంగ్ ప్రొఫెషనల్’ అని రాసింది. అది చదివి సిగ్గేసింది. నిజంగా నన్ను ప్రొఫెషనల్ అనొచ్చా?

జవాబు: మీ ఉత్తరంలో ఎక్కువ భాగం సిగ్గు గురించే. అప్పు సంగతి ఒక్క ముక్కలో చెప్పి దాటేశారు. నాకు మాత్రం చూపు అక్కడే ఆగింది. అయినా మీరు అడిగిందే ముందు చెబుతాను.

అనొచ్చు. బార్ కౌన్సిల్‌లో పేరు నమోదై, ఆల్ ఇండియా బార్ ఎగ్జామ్ కూడా గట్టెక్కాక మీరు పూర్తి అడ్వకేట్. 1961 నాటి అడ్వకేట్స్ యాక్ట్‌లో ఉన్నవి రెండే వరసలు: సీనియర్ అడ్వకేట్లు (సుప్రీంకోర్టో హైకోర్టో ఆ హోదా ఇచ్చినవాళ్ళు), మిగిలిన అడ్వకేట్లు. ‘జూనియర్’ అన్నది కోర్టు వరండాలో పుట్టిన మాట. (మీ సీనియర్ కూడా బహుశా ఆ రెండో వరసలోనే ఉంటారు.) క్లయింటు తరఫున వాదించే అధికారపత్రం, అదే వకాలత్, దాని మీద మీరు సంతకం పెడితే ఎవరి పొలమో, ఎవరి మనోవర్తో మీ చేతిలోకి వచ్చినట్టే. ఆ భారం మీద పడ్డవాణ్ణి ఇంకా కుర్రాడే అంటే ఎలా?

బాపును మాత్రం తప్పు పట్టకండి. డ్యూటీ దిగగానే టికెట్ల లెక్క అప్పజెప్పి, కలెక్షన్ కట్టి ఇంటికొచ్చిన మనిషి ఆయన. ఒకటో తారీఖున ఎంత చేతికొస్తుందో ఆయనకు ఎప్పుడూ తెలుసు. రెండున్నరేళ్ళు కోటు వేసుకుని తిరిగినా అంకె తేలని పని ఆయనకు అర్థం కాదు. పక్కన తమ్ముడి జీతం ఒకటి కనిపిస్తూ ఉంటుందాయె.

డబ్బు విషయంలో మీ ఒక్కరి కథ కాదిది. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, జూనియర్లకు నగరాల్లో కనీసం 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు స్టైపెండ్ ఇవ్వాలని సిఫార్సు చేసింది. సిఫార్సు మాత్రమే, ఇవ్వకపోతే అడిగేవాళ్ళు లేరు. అంటే మీరు ఇంట్లో చెప్పిన అబద్ధం కూడా నగరం లెక్కకు ఐదు వేలు తక్కువే!

ఇక మీరు చూసుకోవాల్సింది వేరే ఉంది. పోయిన నెలలో మీరు సొంతంగా రాసిన పిటిషన్లు ఎన్ని? ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించే (క్రాస్ చేసే) అవకాశం ఒక్కసారైనా వచ్చిందా? మీ డ్రాఫ్టు మీద సీనియర్ పెన్ను పెట్టి దిద్దుతున్నారా? దిద్దుతుంటే ఆ ఐదు వేలతో పాటు ఇంకా చాలా వస్తున్నట్టు. అలా కాక వాయిదాలు అడగడం, కాపీ అప్లికేషన్లు వేయడం, సార్ పిల్లల్ని స్కూలు నుంచి తేవడం, ఇవే అయితే మారాల్సింది ఆఫీసు, వృత్తి కాదు. ఏదైనా సరే ఒక శనివారం సాయంత్రం, పార్టీలు వెళ్ళిపోయాక, ఆయన ఎదురుగా కూర్చుని అడగండి. “సార్, నేను డ్రాఫ్ట్ చేసిన వాటికి ఫీజులో కొంత ఇప్పించండి, చిన్న కేసులు సొంతంగా చూసుకోనివ్వండి” అని. కోర్టులో ఊరందరి తరఫునా నోరు విప్పేవారు ఇక్కడ మొహమాటపడితే ఎలా?

కంపెనీ ఉద్యోగం చెడ్డదేం కాదు. కానీ పూర్తికాలం జీతానికి చేరితే బార్ కౌన్సిల్‌కు చెప్పి ప్రాక్టీసు ఆపేయాలి, నియమం అదే. ఇంకో సంగతి. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ళ ప్రాక్టీసు ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దానికి సర్టిఫికెట్ కావాలి, పదేళ్ళ అనుభవం ఉన్న లాయరు ఇచ్చినది కూడా సంబంధిత న్యాయాధికారి ధ్రువీకరించాలి. పేదల కేసులు ఉచితంగా చూసే లీగల్ ఎయిడ్ లాయర్ల ప్యానెల్‌లోకి తీసుకోవడానికి చూసేదీ మూడేళ్ళ అనుభవమే. మీకు మిగిలింది ఆరు నెలలు. ఇప్పుడు వదిలేస్తే గట్టు దగ్గరికొచ్చి వెనక్కి ఈదినట్టు. ఆఫీసు మారినా సీనియర్‌తో గొడవ పడకుండా మారండి, హాజరైన కేసుల నంబర్లు, తేదీలు ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోండి. మూడేళ్ళు నిండాక ఉద్యోగంలోకే వెళ్తారా, వెళ్ళండి. అది ఓటమేం కాదు.

ఇక ఆ 60 వేలు. మీ క్లయింటు ఎవరైనా ఇదే కథతో వస్తే ఏం చెబుతారు? ‘ఒక అప్పు తీర్చడానికి ఇంకోటి తేకండి, ముందు ఆపండి’ అనరూ? ఏ యాప్‌కు ఎంత అసలు, ఎంత వడ్డీ, ఎప్పటికి కట్టాలి, ఒక కాగితం మీద రాయండి. ఆ యాప్ వెనక ఉన్న సంస్థ రిజర్వు బ్యాంకు వద్ద నమోదైందో లేదో వాళ్ళ వెబ్‌సైటులో చూడండి. ఫోన్లు చేసి బెదిరిస్తుంటే, ఫొటోలు మార్ఫింగ్ చేస్తామంటుంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయండి. అమ్మకు ఇచ్చే ఎనిమిది వేలు ఈ నెల నుంచే ఆపాలి. అంటే చెప్పక తప్పదు.

ముందు అక్కకు చెప్పండి, ఆమె మీ వైపు మనిషిలా ఉంది. తర్వాత ఇద్దరూ కలిసి బాపు దగ్గర కూర్చోండి. క్షమాపణలతో మొదలుపెట్టకండి, కాగితంతో మొదలుపెట్టండి: వచ్చేది ఇంత, అప్పు ఇంత, మూడేళ్ళు నిండేది ఫలానా నెలలో, అప్పటికి ఏం తేలకపోతే నేనే ఉద్యోగం చూసుకుంటాను. కోప్పడతారు. రెండు రోజులు మాట్లాడకపోవచ్చు కూడా. కానీ ఆయన జీవితమంతా లెక్క అప్పజెప్పిన మనిషి, ఎదుటివాడు అప్పజెప్పే లెక్క వినడం ఆయనకు చేతనవును. తమ్ముణ్ణి సాయం అడగాలా వద్దా అన్నది ఆ మాటల్లోనే తేలనివ్వండి. అడిగితే మాత్రం తిరిగిచ్చే తేదీ పెట్టుకుని అడగండి.

అక్క రాసిన మాట కొట్టేయక్కర్లేదు. దాని కింద ఇంకో వరస చేర్చమనండి: అడ్వకేట్, రెండున్నరేళ్ళ ప్రాక్టీసు, ప్రస్తుత ఆదాయం నెలకు సుమారు ఐదు వేలు. ఇది చూశాక కొన్ని సంబంధాలు మాట్లాడకుండానే వెనక్కి పోతాయి, పోనివ్వండి. ఒక్కటే, బాపుతో మాట్లాడేదాకా ఆ కాగితం పెళ్ళిళ్ళ పేరయ్య చేతికి వెళ్ళకుండా చూడండి. ఆ ఐదు వేల సంగతి ఆయన మీ నోటి నుంచే వినాలి.