పొత్తిగుడ్డలు ఆరేసే ఎండ మనకుంది

ప్రశ్న: మాది కడప. పాపకు నాలుగో నెల. పగలూ రాత్రీ డైపరే వేస్తున్నా. డైపర్లు వేస్తే దొడ్డికాళ్లు వస్తాయని మా అత్త రోజూ అంటుంది. గుడ్డలు కడదామంటే కుళాయి రోజు మార్చి రోజు వస్తుంది, ఉతికేది నేనొక్కదాన్నే. ఏం చేయమంటారక్కా?

జవాబు: ముందు ఆ కాళ్ల సంగతి తేల్చేద్దాం తల్లీ. పసిపిల్లల కాళ్లు కాస్త వంకరగానే ఉంటాయి, కడుపులో ముడుచుకుని ఉంటారు కదా. చాలామందికి రెండేళ్లు వచ్చేసరికి అవే సర్దుకుంటాయి. డైపర్‌కూ దానికీ సంబంధం లేదు. మీ అత్తకు ఒకసారి చెప్పి చూడు, వినకపోతే వదిలెయ్.

అయినా పగలంతా డైపర్ వద్దనే అంటాను. ముప్పై ఏళ్లు నర్సుగా చేసిన నేనే ఓ మే నెలలో మా మనవడిని కర్నూలు నుంచి కడప దాకా బస్సులో ఒకే డైపర్‌తో తెచ్చాను. పైకి పొడిగానే అనిపించింది. దిగి విప్పితే తొడల సందులన్నీ ఎర్రగా ఒరుసుకుపోయాయి. లోపలి గుళికలు ఉచ్చను పీల్చి జెల్లీలా పట్టుకుంటాయి సరే, ప్లాస్టిక్ పొర కింద చెమట ఎటు పోతుంది?

ఇంకో సంగతి. పాలు సరిపోయిన బిడ్డ రోజుకు ఆరుసార్లయినా తడుపుతుంది. మన ఎండల్లో ఆ లెక్క తగ్గితే పాలు చాలుతున్నాయో లేదో చూసుకోవాలి. గుడ్డలో ఆ లెక్క తెలుస్తుంది. డైపర్‌లో అంతా ఒకటే ముద్ద.

నీళ్ల బాధ నిజమే. అందుకే రాత్రికీ ప్రయాణానికీ డైపర్ ఉంచుకో. పగటికి పాత పంచెలు, నూలు చీరలు చింపి ఓ పాతిక ముక్కలు చేసుకో. ఉచ్చగుడ్డలు వేరే బకెట్‌లో పోగేసి సాయంత్రం ఒకేసారి ఉతుకు. చివర జాడించిన నీళ్లు బాత్రూమ్ కడగడానికి వస్తాయి. బట్టలు మెత్తబడే లిక్విడ్ మాత్రం పొయ్యొద్దు, గుడ్డ తడి పీల్చదు. ముసురు పట్టిన రోజుల్లో డైపర్లే వెయ్, కాకపోతే మూడు నాలుగు గంటలకోసారి మార్చు.

ఎర్రబడితే నీళ్లతో కడిగి, మెత్తగా అద్ది, కాసేపు గాలికి వదిలి జింక్ ఆక్సైడ్ క్రీమ్ రాయి. పౌడర్ వద్దు, ఊపిరితో లోపలికి పోతుంది. మూడు రోజులకూ తగ్గకపోతే పిల్లల డాక్టర్‌కు చూపించు.

వాడేసిన డైపర్‌ను మన ఊరి బుగ్గవంక వాగులోకి విసిరేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. దొడ్డిని టాయిలెట్‌లో దులిపి, డైపర్‌ను కాగితంలో గట్టిగా చుట్టి చెత్తబండికి ఇవ్వాలి. చుట్టి ఇవ్వాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లోనే చెప్పారు.

ఇక ఉతకడం నీ ఒక్కదాని పనెట్లా అవుతుంది? పాప నాన్నకు చెప్పు. మా ఇంట్లో గుడ్డలుతికింది మా అల్లుడే. వాళ్లమ్మ వచ్చినప్పుడు మాత్రం నేనే ఉతికానని చెప్పేదాన్ని.